పాండురంగ కడుపూ నా కట్టుచారూ

నా చారును ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకునే మనిషిని కాదు నేను. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు పులుపు కాస్త ఎక్కువైందన్నందుకు మూడు రోజులు మాట్లాడలేదు, కావాలంటే మా ఆయన్ని అడగండి. అలాంటిదాన్ని, కిందటి ఆగస్టులో ఐర్లాండులోని కార్క్ ఊళ్ళో ఒక క్లినిక్ గదిలో నా చారు ఎలా కాస్తానో గొప్పగా చెబుతూ చెబుతూ, వాక్యం మధ్యలో ఆగిపోయాను. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ ఆగిపోవడం ఏమిటో తెలియాలంటే ముందు పాండురంగ సంగతి చెప్పాలి. చెప్పబోయేది అతని కథే. మధ్యమధ్య నేను దూరిపోతే మీరే సర్దుకోవాలి.

పాండురంగది హుజూరాబాద్. ముప్పై మూడేళ్ళు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ, నైట్ ప్యాంటుకు కూడా ఇస్త్రీ చేసుకునే రకం. వాళ్ళ నాన్న సర్కారు దవాఖానాలో కాంపౌండరు. గాజు సిరంజీలను స్టీలు డబ్బాలో మరగబెట్టి, పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి గుడ్డ మీద పేర్చడం ఆయన పనట. చిన్నప్పుడు పాండురంగ గడప దగ్గర నిలబడి చూసేవాడట, ముట్టుకోనిచ్చేవారు కాదట. వరంగల్‌లో బీఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి కార్క్‌లో మాస్టర్స్ చేసి, నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీలోనే చేరాడు. ఈ దేశంలో అద్దెకు ఇల్లు దొరకడం కన్నా ఉద్యోగం దొరకడం తేలిక కదా, మిడిల్టన్‌లోని మా ఇంట్లో చిన్నగది ఖాళీగా ఉంటే ఇచ్చాం. ఇంట్లో మేమిద్దరమే, నేనూ మా ఆయన కామేశ్వరరావూ. ఆయనది సాఫ్ట్‌వేరు, వారానికి నాలుగు రోజులు వంటింటి పక్క గదిలోనే ఆఫీసు. మూడో మనిషి వచ్చాక నాకు వంట చేసినట్టుండేది.

మా ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ మందులు చిన్న గాజు సీసాల్లో నింపుతారు. నింపే గది అద్దాల వెనకాల ఉంటుంది. అందులోకి వెళ్ళేవాళ్ళు తల నుంచి పాదాల దాకా తెల్లటి సూటు వేసుకుంటారు, కళ్ళద్దాల వెనక కళ్ళు తప్ప ఏమీ కనపడవు. తొందరగా కదలకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు, చేతులు ఎప్పుడూ గుండెల ముందు జోడించుకుని ఉండాలి. ఎక్కడైనా సూటు మీద చెయ్యి పడితే తప్పు రాస్తారు. పాండురంగను ముందు ప్యాకింగ్‌లో వేశారు. రెండేళ్ళు అట్టపెట్టెలకు టేపులు అంటించాడు. మధ్యాహ్నం తిండి అయ్యాక కారిడార్లో ఆ అద్దం ముందు నిలబడి పది నిమిషాలు లోపలికి చూసేవాడు. నేను లాబ్ నుంచి వస్తూ ఎన్నిసార్లు చూశానో. గుళ్ళో నిలబడ్డట్టు నిలబడేవాడు. నాన్న ముట్టుకోనివ్వని సిరంజీ ఎక్కడుందో, ఈ సీసా ఎక్కడుందో, మధ్యలో ఐదువేల మైళ్ళు. ఆ గదిలోకి వెళ్ళడం తప్ప అతనికి ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

మరి అడ్డం ఏమిటంటే కడుపు. వచ్చిన రెండో ఏడు మొదలైంది. తిన్న గంటకల్లా పొట్ట ఉబ్బి డోలులా అయ్యేది, ఎడం చేత్తో బొడ్డు కింద నొక్కి పట్టుకుని వంగిపోయేవాడు, తర్వాత పరుగు. రోజుకు ఐదుసార్లు, ఆరుసార్లు. ఇది నలుగురిలో చెప్పుకునే జబ్బా? జ్వరమైతే సెలవడగొచ్చు, కాలు విరిగితే కట్టు చూపించొచ్చు. ప్యాకింగ్‌లో ఉన్నన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాడు. నింపే గదిలో అలా కుదరదు. ఆ సూటు వేసుకోవడానికే అరగంట పడుతుంది, ఒకసారి బయటికొస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఆ గదిలోకి మనిషిని తీసుకునే ముందు ఒక రిహార్సల్ పెడతారు. మందుకు బదులు క్రిములకు బాగా ఇష్టమైన ఒక రసం సీసాల్లో నింపుతారు. రెండు వారాలు వెచ్చగా ఉంచి చూస్తారు. ఒక్క సీసా కూడా మబ్బుగా మారకపోతే లోపల పనిచేసినవాళ్ళు శుభ్రంగా చేశారన్నమాట. నాలుగు గంటలు కదలకుండా లోపల ఉండాలి. ఆర్నెల్లకోసారే జరుగుతుంది. కిందటి మార్చిలో పాండురంగకు మొదటిసారి అవకాశం వచ్చింది. రెండో గంటలోనే చెయ్యెత్తి బయటికొచ్చేశాడు.

సూపర్‌వైజరు డెక్లన్ మంచి మనిషి. పరవాలేదు, గ్రాండ్, సెప్టెంబర్లో మళ్ళీ ఉందన్నాడు. ఆ వెంటనే మెల్లగా ఇంకో మాట కూడా చెప్పాడట. అప్పుడూ కుదరకపోతే ప్యాకింగ్‌లోనే ఉండిపోవడం మేలు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని. ఆ రోజు ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా, నా వైపు చూడకుండా చెప్పాడు పాండురంగ.

“ప్యాకింగ్ల గూడ మంచిగనే ఉంటదక్కా. ఎవలో ఒకలు చెయ్యాలె గద.”

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు అద్దం ముందు నిలబడ్డవాడు నాకు ప్యాకింగ్ గురించి చెబుతాడా! డాక్టరు దగ్గరికి వెళ్ళలేదని అప్పుడు తెలిసింది. సిగ్గట. మర్నాడే జీపీకి, అంటే మా పేట డాక్టరుకి, ఫోన్ చేసి నేనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. రక్తం పరీక్షలు చేశారు, మలం పరీక్ష చేశారు. ఇంటర్నెట్‌లో చూసి పేగుల్లో వాపు ఉందేమో, పుళ్ళున్నాయేమో, ఇంకేదైనా ఉందేమో అని రెండు వారాలు నిద్రపోలేదు కుర్రాడు. చివరికి వాపు గుర్తులు లేవు, గోధుమ పడని జబ్బూ లేదు, ఐబీఎస్ అన్నారు. పేగు చెడిపోలేదు గానీ మహా సున్నితంగా తయారైందని, తిండి మార్చి చూడాలని, డైటీషియన్ దగ్గరికి రాసిచ్చారు. ఆవిడ దర్శనానికి జులై దాకా వరస.

జులై దాకా నేను చేతులు ముడుచుకుని కూర్చుంటానా? మా కార్క్ తెలుగువాళ్ళ వాట్సప్ గుంపులో పేరు చెప్పకుండా అడిగాను. రాత్రికల్లా నలభై మంది వైద్యులు తేలారు. పేగు వాపుకు పసుపు పాలన్నారు, పరగడుపున మూడు పచ్చి వెల్లుల్లి రెబ్బలన్నారు, తేనె అన్నారు, నానబెట్టిన అంజీర్లన్నారు. అతనికి వాపు లేదని డాక్టరు చెప్పిన సంగతి నేను మర్చిపోయాను, వాళ్ళకు తెలియదు. అన్నీ పెట్టాను. పెట్టినవన్నీ పాపం మారుమాట లేకుండా తిన్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. మే నెలంతా మా ఇంట్లో మేడ మీది బాత్రూమ్ పాండురంగదే. మా ఆయన లంఖణం పరమౌషధం అని ఒక సామెత పారేసి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ మాటే అందరికన్నా నయమని ఇప్పుడనిపిస్తుంది.

జులైలో డైటీషియన్ పిలిచింది. పేరు ఓర్లా. పాండురంగ ఒక్కడే వెళ్ళి ఒక పుస్తకం, ఒక పట్టిక పట్టుకొచ్చాడు. ఆవిడ చెప్పింది ఇదీ. కొన్ని రకాల చక్కెరలు ఉంటాయి, నాలుకకు తీపి తెలియదు. ఉల్లిలో, వెల్లుల్లిలో, గోధుమలో, పాలలో, పప్పుల్లో ఉంటాయి. అవి చిన్నపేగులో అరగవు. అలాగే కిందికి దిగితే అక్కడున్న క్రిములు వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి, నీళ్ళు చేరతాయి. అందరికీ జరిగేదే ఇది, కానీ సున్నితమైన పేగున్నవాళ్ళకు అది భరించలేని నొప్పి. కొన్ని వారాలు అవన్నీ మానేసి చూడాలి. కుదురుకున్నాక ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి, ఏది ఎంత పడుతుందో కనిపెట్టాలి. జీవితాంతం మానేయడం కాదు, వెతకడం.

పట్టిక చూసి ముందు నాకు కోపం వచ్చింది. ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, చపాతీ వద్దు, పప్పు వద్దు. ఇంక తినడానికి మిగిలింది ఏమిటి, ఐర్లాండు వానా? కానీ రెండోసారి చదివాక నాకు హుషారొచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు ఇలాంటివంటే ఇష్టం. ఇరవై రెండేళ్ళుగా లాబ్‌లో చేస్తున్న పని ఇదే. ఒకటి తీసెయ్, ఏం మారిందో చూడు, రాయి. వంటింట్లో ప్రెస్సులన్నీ, ఇక్కడ అలమరాలను అలాగే అంటారు, ఖాళీ చేశాను. ఇంగువ డబ్బా వెనక చదివితే అందులో గోధుమపిండి ఉంది! ముప్పై ఏళ్ళు వాడుతున్నాను, ఒక్కసారి చదివిన పాపాన పోలేదు. అది పక్కన పెట్టాను. లాక్టోజ్ తీసేసిన పాలు తెచ్చాను. పాండురంగ పళ్ళెంలో ఒక్క పప్పు బద్ద కూడా పడకుండా కాపలా కాశాను. ఇక పథ్యానికి మన ఇళ్ళల్లో ఏం పెడతాం? చారన్నం. వెల్లుల్లి లేని నా కట్టుచారు, రెండు పూటలా, గ్లాసుతో తాగడానికి ఇంకాస్త. అంతకన్నా తేలికైన తిండి ఈ భూమ్మీద ఉందా?

వారం గడిచింది, మార్పు లేదు. రెండు వారాలు గడిచాయి, లేదు. మూడో వారం చివర బెల్టుకు కొత్త చిల్లు పొడుచుకున్నాడు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, గోధుమ లేదు, కడుపు మాత్రం డోలు. నాకు పిచ్చెక్కినంత పనైంది. రిహార్సల్ సెప్టెంబరు పద్దెనిమిదిన. ఆగస్టు మొదటి శనివారం పొద్దున్నే పాండురంగ ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. డెక్లన్‌కు రాసిన మెయిల్. నా పేరు తీసేయండి, ఇంకొకరికి అవకాశమివ్వండి అని. పంపే ముందు ఇంగ్లీషు సరిగ్గా ఉందేమో చూడమన్నాడు. ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంది. ల్యాప్‌టాప్ మూసేశాను. మంగళవారం డైటీషియన్ దగ్గరికి రెండోసారి వెళ్ళాలి కదా, అప్పటి దాకా ఆగమన్నాను, ఈసారి నేనూ వస్తున్నానన్నాను. నిజానికి ఆవిడతో పోట్లాడదామనే వెళ్ళాను.

ఓర్లా అరవైకి దగ్గరపడ్డ మనిషి, తెల్లజుట్టు, నెమ్మది మాట. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, ఆవిడ వృత్తీ అదే కదా. పాండురంగ మూడు వారాలుగా రాసిన తిండి పుస్తకం తిరగేసింది. నేను ఆగలేదు. నీ పట్టికలో ఉన్నదంతా అక్షరం పొల్లు పోకుండా చేశాం, కుర్రాడు సగమయ్యాడు, ఏదీ తగ్గడం? అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు వాయించాను. ఆవిడ అంతా విని, పుస్తకంలో ఒకచోట వేలు పెట్టింది. పూటపూటకూ సూప్ అని రాసుంది, నలభై రెండుసార్లు. ఆ సూప్ ఏమిటని అడిగింది. అందులో పప్పు ఉండదని పాండురంగ చెప్పబోతే నేను అడ్డం వెళ్ళాను. నా చారు గురించి అతనికేం తెలుసు?

చెప్పాను. మామూలు సూప్ కాదమ్మా అది అన్నాను. కందిపప్పు కడిగి, ఒకటికి ఆరు నీళ్ళు పోసి, మెత్తగా ఉడికించాలి. పైన తేరిన తేటను జాగ్రత్తగా వంపాలి, దాన్నే మేం కట్టు అంటాం. పప్పు మేం తింటాం, అతనికి పెట్టం. పప్పులో ఉన్న సారమంతా నీళ్ళలోకి దిగుతుంది గనక, ఆ కట్టుతో చింతపండు రసం కలిపి కాస్తే...

అక్కడ ఆగిపోయాను.

నేను లాబ్‌లో ఏం చేస్తానో మీకు చెప్పలేదు కదూ. మందు సీసాలకు రబ్బరు మూతలుంటాయి. ఆ మూతలను నీళ్ళలో ఉడికించి, రబ్బరులోంచి నీళ్ళలోకి ఏమేం దిగాయో లెక్కగట్టడం నా ఉద్యోగం. మూత పారేస్తాం, నీళ్ళు పరీక్షకు పెడతాం. ఎందుకంటే కరిగేదంతా నీళ్ళలోనే ఉంటుంది. ఇరవై రెండేళ్ళు! జీతం తీసుకుని ఆ పని చేసి, ఇంటికొచ్చి, పప్పును మేము తిని, ఆ నీళ్ళను గ్లాసుల్లో పోసి కుర్రాడి చేత తాగించాను. చక్కెర నీళ్ళలో కరుగుతుందని ఆరో తరగతి పిల్లవాడికి తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, ఆ గదిలో నాకు అలాగే అయింది. ఓర్లా పుస్తకం మూసి పక్కన పెట్టింది. వాక్యం నా అంతట నేను పూర్తి చేసే దాకా కూర్చుంది.

“పాండూ,” అన్నాను తెలుగులో, “ఇన్నాళ్ళూ నిన్ను చంపుతున్నది నేనేరా.”

అతను నా వైపు, ఆవిడ వైపు చూశాడు.

“చారా అక్కా?”

అని, నవ్వడం మొదలుపెట్టాడు. మార్చి తర్వాత అతను నవ్వడం నేను చూడలేదు. కళ్ళ నీళ్ళొచ్చే దాకా నవ్వాడు. ఓర్లాకు ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది, చెబుతుంటే నాకూ నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. ఆవిడ తొందరపడలేదు. ఇదొక్కటే కారణమని తాను ఇప్పుడే చెప్పలేనంది. పప్పుల్లో చక్కెర చాలా భాగం ఉడికిన నీళ్ళలోకి దిగే మాట మాత్రం నిజమేనంది. రోజుకు రెండు గ్లాసులు ఆ నీళ్ళే తాగితే మిగతావి ఎన్ని మానేసినా లాభం కనపడకపోవచ్చునంది. పది రోజులు ఆపి చూడండి, ఫలితమే చెబుతుందంది. ఇక లేవబోతుండగా ఇంకో మాట అంది. వెల్లుల్లిలోని చక్కెర నీళ్ళలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. నూనెలో వేయించి రెబ్బలు తీసి పారేస్తే వాసన దక్కుతుంది, బాధ దక్కదు.

తాలింపు! మేం పుట్టినప్పటి నుంచి చేస్తున్నదే! క్లినిక్ బయట పేవ్‌మెంట్ మీద నేను గట్టిగానే అరిచినట్టున్నాను, ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. మిడిల్టన్ రైల్లో నేను కూర్చోలేదు, కూర్చోలేకపోయాను. మా ఆయనకు ఫోన్ చేసి, కుక్కర్లో కట్టుంటే ముట్టుకోవద్దు, నేనే వచ్చి పారబోస్తానన్నాను. నేను తాగడానికి ఉంచుకోనా అని అడిగాడు. మీరు తాగండి, మీ కడుపు రాతికడుపు అన్నాను. పాండురంగ కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోన్‌లో ఆ మెయిల్ తీసి చెరిపేశాడు. నేను చూశాను, చూడనట్టు నిలబడ్డాను.

ఇంటికొచ్చిన గంటలో వంటిల్లు లాబ్ అయిపోయింది. కట్టు లేకుండా చారు కాశాను. చింతపండు, ఒక్క టమాటా, మిరియాలు, జీలకర్ర, ధనియాలు, కొత్తిమీర. నేతిలో కాకుండా నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి, ఏరి పారేసి, ఆ నూనెతో తాలింపు. వాసనకు మా ఆయన మీటింగ్ మధ్యలో లేచొచ్చాడు. కానీ నోట్లో పోసుకుంటే బస్టాండ్ హోటల్ చారు. నీళ్ళు. నా చేత్తో ఇలాంటి చారు కాయాల్సి వచ్చిందే అని ఎంత బాధపడ్డానో. పాండురంగ బాగుందన్నాడు, అబద్ధం. మర్నాడు చెంచాడు బియ్యం నానబెట్టి మిరియాలతో కలిపి నూరి పోశాను. చిక్కబడింది! బియ్యం అతనికి పడుతుంది, పట్టికలోనే ఉంది. మూడో రోజు ఉల్లికాడల పచ్చభాగం తరిగి వేశాను, అదీ పట్టికలో ఉంది. నాలుగో రోజు అతను అడగకుండానే రెండోసారి పోయించుకున్నాడు. ఈసారి అబద్ధం కాదు.

ప్రెస్ తలుపుకు ఒక కాగితం అంటించాను. ఎడమవైపు తిన్నవి, కుడివైపు పరుగులు. కుడివైపు అతనే గీతలు గీయాలి, సిగ్గుపడితే కుదరదన్నాను. మొదటి రోజు ఐదు గీతలు. మూడో రోజు ఐదే.  ఐదో రోజు మూడు. ఏడో రోజు రెండు. తొమ్మిదో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తి చూస్తే ఒక్కటే గీత. అందరికీ ఉండేది అదే కదా! మా ఆయన్ని కేకేసి చూపించాను. ఇంకొకళ్ళ బాత్రూమ్ లెక్కకు ఇంత సంబరమా అన్నాడు గానీ, ఆయనా కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు.

సెప్టెంబరు మొదట్లో ఓర్లాను ఫోన్‌లో అడిగి, ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాం. ముందు పప్పు. బాగా నానబెట్టి, నీళ్ళు మార్చి, ఉడికించి, వార్చి, రెండు చెంచాలు. రెండు నెలలుగా అతనికి పెట్టకుండా దాచిన పప్పును చెంచాతో కొలిచి పళ్ళెంలో వేశాను. ఏమీ కాలేదు. ఒక చపాతీ, ఏమీ కాలేదు. మూడు చపాతీలు, అయింది. ఉల్లిపాయ కూడా చూద్దామని నాకు ఆత్రం. పాండురంగ ఒప్పుకోలేదు. పద్దెనిమిది దాటినంక చూద్దామక్కా అన్నాడు. అతను నన్ను కాదనడం అదే మొదటిసారి, నాకు మహా సంతోషమేసింది.

పద్దెనిమిది గురువారం. పొద్దున బియ్యపురవ్వ ఉప్పిండి, పెసరపప్పు వేయకుండా చేశాను. అరటిపండు ఒకటి.  పది గంటలకు పాండురంగ లోపలికి వెళ్ళాడు. లాబ్‌లో నా చేతిలో ఉన్న గాజు గొట్టం రెండుసార్లు జారింది. పన్నెండుకు ఇంక ఉండబట్టలేక కారిడార్లోకి వెళ్ళాను. అద్దం వెనక తెల్ల సూట్లలో ఐదుగురు, అందరూ ఒకేలా. పొడుగును బట్టి అతన్ని పట్టుకున్నాను. పొడుగాటి పట్టకారు చేతిలో ఉంది. చేతులు గుండెల ముందు ఉన్నాయి. రెండింటికి అయిపోవాలి. నా మధ్యాహ్నం విరామం అయిపోయింది, వెళ్ళాను, ఒంటిగంటకు ఏదో కాగితం వంక పెట్టుకుని మళ్ళీ వచ్చాను.

ఒంటిగంటా పావుకు మెషిన్ ఆగిపోయింది. లోపల నాలుగు సీసాలు పడి, దారిలో ఇరుక్కున్నాయి. గంటన్నర పైగా ఆలస్యమవుతుందని డెక్లన్ మైకులో చెప్పాడు. ఎవరైనా బయటికి రావాలనుకుంటే తప్పేమీ లేదు, బదులు మనిషి సిద్ధంగా ఉన్నాడు, కానీ బయటికొచ్చినవాళ్ళకు ఇవాళ్టిది లెక్కలోకి రాదు. ఒకతను చెయ్యెత్తి మెల్లగా తలుపు వైపు నడిచాడు. డెక్లన్ పాండురంగ వైపే చూస్తూ మైకు దగ్గర కాసేపు ఆగాడు. మార్చి సంగతి ఆయనకూ గుర్తుంది. పాండురంగ కదల్లేదు.

నేను చూస్తున్నది అతని ముఖం కాదు, ముఖం కనపడదు కదా. అతని ఎడం చెయ్యి చూస్తున్నాను. నొప్పి వచ్చినప్పుడు ఆ చెయ్యి తనంతట తను బొడ్డు కిందికి పోతుంది, రెండేళ్ళుగా చూస్తున్నాను. ఈ గదిలో అది కిందికి పోతే చాలు, సూటు ముట్టుకున్నందుకు తప్పు రాస్తారు, అక్కడితో సరి. చెయ్యి దిగకూడదు, దిగకూడదు అనుకుంటూ నిలబడ్డాను. పొద్దున అరటిపండు ఎందుకు పెట్టాను, మరీ పండిందేమో, మరీ పండితే పడదని పట్టికలో ఉంది కదా. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. అతను వంగి, పట్టకారుతో పడ్డ సీసాలను ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు, ఎంత నెమ్మదిగానో, వాటికి నొప్పి పుడుతుందన్నంత నెమ్మదిగా. నాలుగూ తీశాడు. చేతులు మళ్ళీ గుండెల ముందుకు వచ్చాయి. రెండైంది. రెండున్నర అయింది. మూడైంది. మా లాబ్ మేనేజరు వచ్చి నన్ను చూసి వెళ్ళిపోయింది. ఎడం చెయ్యి కిందికి దిగలేదు.

మూడున్నరకు పూర్తయింది. రెండు వారాల తర్వాత సీసాలన్నీ తీసి చూస్తే ఒక్కటి కూడా మబ్బు పట్టలేదు, పాండురంగ ఇప్పుడు నింపే గదిలోనే పనిచేస్తున్నాడు, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. నేను మీకు చెప్పాలనుకున్నది అది కాదు.

సూటు విప్పి బయటికొచ్చి, కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాడు. నుదుటి మీద కళ్ళద్దాల గీత ఎర్రగా పడింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి ఒకటే ప్రశ్నలు. నొప్పి ఎప్పుడు మొదలైంది, మెషిన్ ఆగినప్పుడేనా, ఎలా ఓర్చుకున్నావు, ఇప్పుడెలా ఉంది, బాత్రూమ్‌కు వెళ్తావా? అతను నా ముఖంలోకి అయోమయంగా చూశాడు. నేను ఎవరి గురించి అడుగుతున్నానో తెలియనట్టు చూశాడు. తర్వాత మెల్లగా, తనకే కొత్తగా తెలుస్తున్నట్టు చెప్పాడు.

“అయిదున్నర గంటలక్కా. నాకొక కడుపున్నదన్న ముచ్చటే యాదికి రాలే.”

నేను అక్కడే, డెక్లన్ చూస్తుండగానే, ఆ బెంచీ మీద అతని పక్కన కూర్చుని ఏడ్చేశాను.